పశువుల కొట్టంలో పుట్టిన స్టూడియో దారిలో ఓ బొమ్మల సినిమా

మా పాపతో బొమ్మల సినిమా తీసేముందు స్మాల్‌ఫిల్మ్స్ అనే బొమ్మల సినిమాల స్టూడియో కథ చెప్పాను. 1959లో ఆలివర్ పోస్ట్‌గేట్, పీటర్ ఫర్మిన్ మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ దగ్గర, ఫర్మిన్ గారి పాత పశువుల కొట్టమే స్టూడియో. 1969లో వచ్చిన ‘క్లాంగర్స్’ అనే పిల్లల టీవీ సీరియల్ బొమ్మల్ని ఫర్మిన్ భార్య జోన్ గులాబీ రంగు ఊలుతో అల్లారు. ఎంత ముచ్చటైన పని!

మీరూ ఊలు బొమ్మే తీసుకోండి, లోపల వంగే తీగ పెట్టండి. ఫోన్‌ని పుస్తకాల మధ్య కదలకుండా బిగించండి. కిటికీ పరదా మూసి లైటు వేయండి. మేం వేయలేదు, మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ ముఖం నల్లబడింది. బొమ్మని బియ్యపు గింజంత జరపండి, చెయ్యి తీయండి, ఫోటో కొట్టండి, మళ్లీ జరపండి. ఫోటోలన్నీ వరసగా ఆడిస్తే బొమ్మ కదిలినట్టుంటుంది. సెకనుకు 12 ఫోటోలు, 10 సెకన్లకు 120. తొందరపడకండి. మాటలక్కర్లేదు, క్లాంగర్లు ఈలలతోనే మాట్లాడుకునేవి. మా పాపైతే తిరునాళ్లలో కొన్న పీపీ ఊదింది.