పారీ పడటం లేదా? లోపం చేతిలోనా, టీవీలోనా, ఆటలోనా

శత్రువు దెబ్బ తగలబోయే క్షణాన బటన్ నొక్కి, ఆ దెబ్బను పక్కకు తోసి, అతను తూలుతుండగా తీరిగ్గా పొడవడం. పారీ అంటే ఇంతే. యాక్షన్ ఆర్పీజీల్లో (పాత్రను పెంచుకుంటూ పోరాడే వీడియో గేముల్లో) దీన్ని మించి చూడముచ్చటైన విద్య లేదు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో గంటకింతని కట్టి ఆడే గేమింగ్ సెంటర్‌లోనైనా, ఒంగోలు హాస్టల్ గదిలో ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ మూగిన కుర్రాళ్ల మధ్యనైనా, ఎవరైనా వరుసగా రెండు పారీలు కొడితే వెనక నుంచి ఈలలు వినిపిస్తాయి. మూడోది తప్పితే తీర్పు కూడా వెంటనే వస్తుంది: "నీ చేయి నెమ్మది అన్నా, వదిలెయ్."

ఈ తీర్పు చాలాసార్లు అన్యాయం. పారీ తప్పడానికి అరడజను కారణాలు ఉంటాయి. చేతి వేగం అందులో చిట్టచివరిది. కింద మీ లక్షణం ఏదో వెతుక్కోండి, మీది కానిది దాటెయ్యండి. అసలు నేర్చుకోవాలా అన్న సందేహం కూడా ఒక లక్షణమే కాబట్టి దాన్నీ చేర్చాను.

లక్షణం: ఎంత త్వరగా నొక్కినా ఆలస్యమే

ముందుగా టీవీని అనుమానించండి. సెకనుకు 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము నిలిచేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఇంట్లో హాల్లో ఉన్న టీవీ మామూలు పిక్చర్ మోడ్‌లో ఉంటే, బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో పడి 100 మిల్లీసెకన్లు వెనకబడటం వింతేమీ కాదు. అంటే మీరు చూస్తున్న కత్తి ఆరు ఫ్రేముల కిందటిది. పారీ పనిచేసే వ్యవధే కొన్ని ఆటల్లో అంతకంటే పెద్దగా ఉండదు. కంటితో చూసి బటన్ నొక్కడానికి మనిషికి ఎలాగూ 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి టీవీ వాటా తోడైతే మిగిలేది ఏమీ లేదు.

పరిష్కారం రిమోట్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్ తెరిచి "గేమ్" ఎంచుకోండి. కదలికలు నున్నగా కనిపించేలా చేసే అమరిక ఏదైనా ఉంటే ఆపేయండి. రంగులు కాస్త వెలవెలబోయినట్టు అనిపిస్తాయి. సాయంత్రం సీరియల్ పెట్టగానే "టీవీకి ఏం చేశావురా, మొహాలన్నీ పాలిపోయాయి" అని నాయనమ్మ అడుగుతుందన్న భయం అక్కర్లేదు. చాలా టీవీల్లో ఈ అమరిక ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది. కన్సోల్ ఉన్న పోర్టుకు మాత్రమే మార్చండి, కేబుల్ బాక్సు జోలికి పోకండి.

తరువాత చెవుల సంగతి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఆలస్యంగా వస్తుంది. కంటికంటే చెవికే మనిషి త్వరగా స్పందిస్తాడు. అందుకే పారీ బాగా కొట్టేవాళ్లలో చాలామంది తెలియకుండానే శబ్దాన్ని పట్టుకుని ఆడతారు. ఆ శబ్దమే ఆలస్యమైతే మంచి అలవాటే శత్రువవుతుంది. వైరు ఉన్న ఇయర్‌ఫోన్లను కంట్రోలర్‌కు తగిలించండి. రాత్రిపూట ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా ఆడేవాళ్లకు ముఖ్యంగా ఈ మాట.

అనుమానం తీరాలంటే అదే ఆటను, అదే శత్రువు మీద, ల్యాప్‌టాప్ సొంత తెరపైనో చేతిలో పట్టుకునే పరికరంపైనో ఆడి చూడండి. అక్కడ పడి ఇక్కడ పడకపోతే మీ చేయి నిర్దోషి.

లక్షణం: బాస్ (దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు) చేయి ఎత్తగానే నొక్కేస్తున్నాను

ఇది అసలైన జబ్బు, ఎక్కువమందికి ఉండేది. ఆట తయారుచేసినవాళ్లకు మన భయం బాగా తెలుసు. ఎల్డెన్ రింగ్‌లో మొదటి పెద్ద అడ్డంకి మార్గిట్‌నే చూడండి. కర్రను పైకెత్తి అలాగే నిలబడతాడు. ఇక దించుతాడు అనుకున్న క్షణం దాటిపోతుంది, మన బొటనవేలు ఆగదు, డాలు ఊపడం అయిపోతుంది, అప్పుడు తీరిగ్గా దించుతాడు. క్లెయిర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 వంతులవారీ పోరాటమే అయినా, అందులోని శత్రువులకూ ఇదే పాడు బుద్ధి.

కారణం: మనం దెబ్బను కాకుండా దెబ్బ తయారీని చూస్తున్నాం. ఆయుధం పైకి లేవడం ఒక ఘట్టం, కిందికి కదలడం మొదలవ్వడం మరో ఘట్టం. రెండింటి మధ్య విరామం ఎంతైనా ఉండొచ్చు. రెండోదాన్నుంచి తగలడం దాకా పట్టే కాలం మాత్రం ఒక్కో దెబ్బకు ఎప్పుడూ ఒకటే.

కాబట్టి కత్తి మొనను వదిలి భుజం చూడండి. మార్గిట్ ఎంతసేపు బెదిరించినా, దెబ్బ వదిలే ముందు భుజం ముందుకు తిరగక తప్పదు. కొన్నిసార్లు కావాలనే చావండి. పారీ నొక్కకుండా, పక్కకు దొర్లి తప్పుకోకుండా, ఒక్క దెబ్బనే గమనిస్తూ నిలబడండి. ఆ తరువాత వెంటనే పారీకి పోకుండా అదే దెబ్బను తప్పించుకోవడం సాధన చేయండి. ఎక్స్‌పెడిషన్ 33 ఇందుకు మంచి బడి. అందులో డాడ్జ్‌కు (దెబ్బ తప్పించుకోవడానికి) వ్యవధి ఎక్కువ, పారీకి తక్కువ. డాడ్జ్ పారీ వ్యవధిలో పడితే అది నిఖార్సైన డాడ్జ్ అని ఆటే తెరమీద చూపిస్తుంది. ఒక శత్రువు మీద ఆ మాట వరుసగా కనిపిస్తుంటే, ఇక బటన్ మార్చుకోవడమే తరువాయి.

పారీ దైవదత్తమైన విద్య అని వాదించేవాళ్లు ఫైటింగ్ గేముల పోటీ ఈవోలో తీసిన 2004 నాటి వీడియో తీసి చూపిస్తారు. స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్‌లో దైగో ఉమెహారా, జస్టిన్ వాంగ్ వదిలిన 15 దెబ్బల సూపర్‌ను (ప్రత్యేక దాడిని) ప్రాణం సన్నని గీతంత మిగిలిన స్థితిలో మొత్తం పారీ చేసిన సందర్భం అది. నా లెక్కలో ఆ వీడియో వాళ్ల వాదనకు సాక్ష్యం కాదు, నా వాదనకు సాక్ష్యం. అందులో మొదటి దెబ్బను చూసి ఆపడం సాధ్యం కాదు. అది వస్తుందని ముందే ఊహించాలి. మిగతా దెబ్బల లయ అతనికి ముందే కంఠతా వచ్చు. వేగం కంటే జ్ఞాపకం, జ్ఞాపకం కంటే ఎదుటివాడిని చదవడం అక్కడ పనిచేశాయి.

లక్షణం: పారీ బటన్ నొక్కితే ఇంకేదో జరుగుతోంది

ఇది చేతి తప్పు కాదు, సరంజామా తప్పు. ఎల్డెన్ రింగ్‌లో పారీ అనేది డాలుకు ఉండే ఒక నైపుణ్యం. మీ డాలుకు వేరే నైపుణ్యం ఉంటే ఆ పని చేస్తుంది, నైపుణ్యమే లేకపోతే కుడిచేతి ఆయుధానికున్న నైపుణ్యం బయటికి వస్తుంది. కత్తిని రెండు చేతులతో పట్టుకున్నా అంతే. చిన్న డాళ్లకు, మధ్యరకం డాళ్లకు పారీ అమరుతుంది, పెద్ద డాళ్లకు అమరదు. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌లో స్టోన్‌వాల్ డాలు తగిలించుకుని పారీ రావడం లేదని కూర్చుంటే జన్మలో రాదు, ఆ డాలుకు పారీ లేదు. డాంట్‌లెస్ డాలుకు మారండి. బ్లాక్ మిత్: వుకాంగ్‌లో డాలూ లేదు, మామూలు పారీ బటనూ లేదు. రాయిలా మారే మంత్రం ఒకటుంది, దాన్ని సరైన సమయానికి వాడటమే అక్కడి పారీ.

లక్షణం: సమయం కుదిరింది, అయినా దెబ్బ తగిలింది

అది పారీ చేయకూడని దెబ్బ. ప్రతి ఆటా ఈ విషయం ఏదో ఒక గుర్తుతో చెబుతుంది, మనం చదవం. రాగ్నరాక్‌లో పసుపు వలయం వస్తే మామూలు అడ్డు విరిగిపోతుంది కానీ పారీ పనిచేస్తుంది. ఎర్ర వలయం వస్తే తప్పుకోవడమే. సెకిరోలో తలపై ఎర్రటి జపనీస్ అక్షరం మెరిస్తే ఒక్క క్షణం ఆగి అది ఏ దెబ్బో చూడాలి: కాళ్లను ఊడ్చేదైతే ఎగరాలి, పొడిచేదైతే ముందుకు అడుగు వేసి ఆయుధాన్ని తొక్కాలి, పట్టుకునేదైతే పక్కకు జరగాలి. లైస్ ఆఫ్ పి సంగతి తలకిందులు. అక్కడ ఒళ్లంతా ఎర్రబారి వచ్చే దెబ్బకు మామూలు అడ్డు పనికిరాదు, దొర్లినా తగులుతుంది. సరిగ్గా సమయానికి ఆపాలి, లేదంటే అందనంత దూరం పరిగెత్తాలి. ఒక ఆటలో నేర్చుకున్న ఎరుపును ఇంకో ఆటకు మోసుకెళ్లే అలవాటే ఇక్కడ దెబ్బ కొడుతోంది.

గుర్తు లేని ఆటల్లో ఇంగితం వాడాలి. విచర్ 3లో మనుషుల కత్తిని తిప్పికొట్టొచ్చు, భారీ మృగం పంజాను కాదు. ఎల్డెన్ రింగ్ డ్రాగన్ కాలికి చేతిలోని చిన్న డాలు అడ్డుపెట్టేవాళ్ల ఆశావాదానికి నమస్కారం.

లక్షణం: పారీ పడింది, శత్రువు మాత్రం తూలలేదు

ఒక్కటి చాలదు. ఎల్డెన్ రింగ్‌లో మామూలు సైనికుడికి ఒకటి చాలు. బాసుల్లో మార్గిట్‌కు రెండు, మలేనియాకు మూడు కావాలి. లెక్క తెలియక మొదటిదాని తరువాత మీదికి దూకితే ఎదురుదెబ్బ మీకే.

లక్షణం: సెకిరోలో బటన్ టకటకా కొడుతున్నాను, కొన్ని పడుతున్నాయి, కొన్ని లేదు

మొదట్లో పడినవి చూసి ఇదే మార్గం అనుకుంటాం. ఆట దీన్ని గమనిస్తుంది. వెంటవెంటనే నొక్కేకొద్దీ తిప్పికొట్టే వ్యవధి కుదించుకుపోతుంది. ఊరికే కంగారుగా నొక్కేవాడికి శిక్ష అది.

సెకిరోలో పోరు కోలాటం లాంటిది. ఎదుటివాడి కర్ర ఎక్కడికి వస్తుందో చూసి కొట్టరు, పాట ఎక్కడుందో తెలిసి కొడతారు. కాబట్టి ఒక్కో దెబ్బకు ఒక్కసారే నొక్కండి, మధ్యలో వేలు పూర్తిగా వదలండి. భయమేస్తే బటన్ పట్టుకునే ఉంచండి. కనీసం మామూలు అడ్డు దక్కుతుంది, విరామంలో స్థైర్యం గీత (దెబ్బలు కాచేకొద్దీ నిండే గీత, నిండితే తూలిపడతారు) త్వరగా కోలుకుంటుంది. ఆ గీత పూర్తిగా నిండినా, సమయానికి తిప్పికొట్టిన దెబ్బ మాత్రం మిమ్మల్ని కూలదోయదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది. శిథిలాలయం దగ్గర హన్‌బే అనే చావులేని మనిషి సాధన కోసమే నిలబడి ఉంటాడు. అతన్ని పట్టించుకోకుండా దాటిపోయి, తరువాత గెనిచిరో అనే బాస్ దగ్గర ఏడ్చేవాళ్లే ఎక్కువ.

లక్షణం: మొదటి అరగంట బాగా పడుతుంది, తరువాత తప్పుతుంది

రోహిణి కార్తెలో ఒంగోలులోనో నెల్లూరులోనో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ మీద ఆడేవారికి ఇది తెలిసిన బాధే. యంత్రం వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఫ్రేములు 60 నుంచి జారిపోతాయి, మీ చేతికి అలవాటైన లయ చెదురుతుంది. కరెంటు పోయినప్పుడూ ఇదే కథ. చార్జర్ ఆగగానే చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద గ్రాఫిక్స్ శక్తిని కోసేస్తాయి. చార్జర్ ఉన్న ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో చూసుకోండి. గ్రాఫిక్స్ తగ్గించి, ఎప్పుడూ నిలకడగా వచ్చే ఫ్రేముల సంఖ్యకు ఆటను కట్టేయండి. ఎగుడుదిగుడు 60 కంటే నిలకడైన 40 పారీకి మేలు. వెనక వైపు రెండు పుస్తకాలు పెట్టి ఎత్తండి, ఫ్యాను దుమ్ము దులిపించండి.

లక్షణం: ఇంత కష్టపడి నేర్చుకోవడం దండగేమో

కొన్ని ఆటల్లో దండగే. ఆట ఏ పద్ధతికి జీతం ఇస్తుందో చూసి నిర్ణయించుకోండి.

సెకిరోలో పారీ రాకపోతే ఆట రానట్టే. శత్రువు ప్రాణం తగ్గించడం కంటే స్థైర్యం విరగ్గొట్టడమే అక్కడ గెలుపు మార్గం. లైస్ ఆఫ్ పిలో మొత్తం మీద తప్పదు, కాకపోతే అడ్డుపెట్టి పోగొట్టుకున్న ప్రాణాన్ని ఎదురుదాడితో కొంత తిరిగి రాబట్టుకోవచ్చు కాబట్టి ఊపిరి పీల్చుకునే సందు ఉంది. ఎక్స్‌పెడిషన్ 33లో పారీ పడితే దాడులకు కావాల్సిన పాయింట్లు వస్తాయి, వరుసలోని దెబ్బలన్నీ ఆపితే ఎదురుదెబ్బ కూడా పడుతుంది. కష్టానికి తగ్గ ఫలం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఎల్డెన్ రింగ్‌లో మాత్రం నేను ఎవరినీ బలవంతపెట్టను. పెద్ద బాసుల్లో చాలామందికి పారీ చెల్లనే చెల్లదు. చెల్లినచోట రెండు మూడుసార్లు పడాలి, తప్పిన ప్రతిసారీ మూల్యం పెద్దది. అదే ఆట గార్డ్ కౌంటర్ అనే సులువైన దారి ఇచ్చింది: డాలుతో దెబ్బ కాచుకుని, ఆ వెంటనే బలమైన దాడి బటన్ నొక్కడం. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్టున ఏరేటర్ల చప్పుడులో రాత్రి కాపలా కాస్తూ చిన్న తెర మీద ఆడే మనిషికి పారీ సాధన చెప్పడం పాపం. అతను మధ్యమధ్య లేచి చెరువు చూడాలి. పెద్ద డాలు, పొడవాటి ఈటె, గార్డ్ కౌంటర్: ఆటను సగౌరవంగా ముగించడానికి అతనికి ఇవి చాలు.

అయినా మనసు పీకుతుంటే ఒక్క శత్రువుతో మొదలుపెట్టండి. ఎల్డెన్ రింగ్‌లోనే స్టార్మ్‌హిల్ ఎవర్‌గావోల్ అనే చెరలో క్రూసిబుల్ నైట్ అనే యోధుడు ఉంటాడు. కత్తి దెబ్బలు నిదానం, భుజం కదలిక స్పష్టం, ఒక్క పారీకే తూలుతాడు. చచ్చాక మళ్లీ లేచే చోటు పక్కనే ఉంది కాబట్టి చచ్చినా పెద్దగా నడవక్కర్లేదు. బక్లర్ అనే చిన్న డాలు పట్టుకుని వెళ్లండి, మామూలు డాళ్ల కంటే దానితో పారీ సులువు. అతను రెక్కలు, తోక తీసే దాకా మాత్రమే సాధన. తోకను పారీ చేయలేరు, అది మొదలైతే వెనక్కి తగ్గండి. అతని మీద కూడా చిరాకు తప్ప సరదా కలగకపోతే బక్లర్‌ను పెట్టెలో పడేసి దొర్లుడు బటన్‌కు తిరిగి వెళ్లండి, ఆట మీద పెట్టిన డబ్బు ఏమీ వృథా కాదు.