నిరాశ్రయుల కోసం అర్జీ పెట్టే ముందు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసేవారికి ఒక మార్గదర్శిని

విజయనగరం రైల్వే స్టేషన్ బయట, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు వరండాలో, అరసవల్లి వెళ్లే దారిలో మూసిన దుకాణాల అరుగుల మీద రాత్రిళ్లు పడుకునేవారిని చూసి మనసు కలుక్కుమన్నవారు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. దుప్పట్లు పంచుతారు, లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి ఒక అర్జీ ఇచ్చి వస్తారు. రెండూ మంచి పనులే. అయితే దుప్పటి ఆ చలికాలానికి సరిపోతుంది. అర్జీ సంగతి అలా కాదు. దాన్ని రాసిన తీరును బట్టి ఒక్కొక్కప్పుడు ఒక వసతి గృహం తలుపు తెరుచుకుంటుంది, ఒక్కొక్కప్పుడు చేతిలో రసీదు మాత్రమే మిగులుతుంది.

మేము కొందరం మిత్రులం కలిసి మొదటిసారి ఇచ్చిన అర్జీకి రసీదే మిగిలింది. నాలుగు పేజీలు రాశాం, నలభైకి పైగా సంతకాలు పెట్టించాం, జిల్లాలోని నిరాశ్రయులందరికీ గూడు కల్పించాలని వేడుకున్నాం. కొన్ని వారాల తర్వాత "సంబంధిత శాఖకు పంపడమైనది" అన్న ఒక్క వాక్యంతో అది ముగిసిపోయింది. కోపం వచ్చిన మాట నిజమే కాని, అర్జీ నకలు తీసి మళ్లీ చదువుకుంటే లోపం మా రాతలోనే కనిపించింది. ఎంతమంది ఉన్నారు, ఎక్కడ పడుకుంటున్నారు, వారికి ఏం కావాలి, ఆ పని ఏ అధికారిది అన్న నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. ఆ జవాబులు సంపాదించే పద్ధతి తెలిస్తే మీరు మాలాగా ఒక ఏడాది పోగొట్టుకోనక్కరలేదని ఇది రాస్తున్నాను.

ముందు రాత్రి లెక్క

లెక్క రాత్రిపూటే జరగాలి. పగలు చూస్తే కూలీ అడ్డా దగ్గర నిలబడినవాడూ, గుడి మెట్ల దగ్గర చెయ్యి చాచినవాడూ కనిపిస్తారు గాని, వారిలో ఇల్లు ఉన్నవారెవరో లేనివారెవరో తెలియదు. చివరి బస్సులు వెళ్లిపోయాక, పదకొండు నుంచి ఒంటిగంట మధ్య, ఇద్దరు ముగ్గురుగా నడవండి. బృందంలో ఒక స్త్రీ తప్పనిసరిగా ఉండాలి. నిద్రపోయేవారిని లేపకూడదు, ముఖం మీద టార్చి వేయకూడదు, ఫొటోలు అసలే తీయకూడదు. ఎవరు ఎక్కడ పడుకున్నారో మాత్రం గుర్తు పెట్టుకొని, తెల్లవారుజామున అయిదింటికి వెళ్లి టీ కొట్టు దగ్గర మాట కలపాలి. ఆ టీ కొట్టు యజమానికీ, రాత్రి ఆటోలు నడిపేవారికీ తెలిసినంత మరెవరికీ తెలియదు.

ఇలా కనీసం మూడు రాత్రులు, వేర్వేరు వారాల్లో చేయాలి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలోను, రథసప్తమికి అరసవల్లిలోను లెక్క పెట్టవద్దు. ఆ రాత్రుల్లో వీధుల్లో పడుకునేవారిలో ఎక్కువమంది మర్నాడు తమ ఊరికి తిరిగి వెళ్లే భక్తులే. లెక్కలో అలాంటి పొరపాటు ఒక్కటి దొర్లినా, అధికారికి మిగతా కాగితాన్నంతా పక్కన పెట్టేయడానికి అది చాలు. అలాగే సర్వజన ఆసుపత్రి ఆవరణలో పడుకునేవారిలో రోగుల బంధువులు ఎక్కువమంది ఉంటారు కాబట్టి వారిని విడిగా రాయాలి. వారికీ వసతి కావాలి, కాని అది ఆసుపత్రి దగ్గరే అడగవలసిన వేరే కోరిక.

కాగితంలో గడులు తక్కువగా ఉండడం మేలు. స్థలం, దగ్గరి గుర్తు, సుమారు వయసు, స్త్రీయా పురుషుడా, ఒంటరా కుటుంబమా, ఏ ఊరు, ఏ పని, ఏ కార్డులున్నాయి, ఏం కావాలి. పేరు రాయడానికి వారు ఒప్పుకుంటేనే రాయాలి, ఆ పేర్ల పట్టీని అర్జీకి జతచేయకుండా మీ దగ్గరే ఉంచుకోవాలి.

గడులు ఎంత జాగ్రత్తగా గీసినా మనిషి వాటిలో ఇమడదని నాకు నేర్పింది కాంప్లెక్సు దగ్గర పడుకునే ఒక ముసలమ్మ. నా చేతిలో అట్టా, పెన్నూ చూసి ఆమె మొదట అడిగిన మాట: "మమ్మల్నిక్కడ్నుంచి లేపీడానికి రాస్తన్నారేటి బావూ?" కాదని చెప్పి, రాసినదంతా ఆమెకు చదివి వినిపించాక గాని ఆమె బొడ్లో దోపుకున్న పాలిథిన్ కవరు బయటికి తీయలేదు. మడతల దగ్గర చిరిగిపోయిన రేషన్ కార్డు నకలు, ఆధార్ కార్డు, ఒక బస్సు టికెట్టు అందులో ఉన్నాయి. ప్రతి నెలా 1వ తేదీన ఊరికి వెళ్లి 4,000 రూపాయల పింఛను తీసుకొని, అందులో సగానికి పైగా కొడుకు చేతిలో పెట్టి, మర్నాడు మళ్లీ కాంప్లెక్సుకు వచ్చేస్తుందట. ఆ ఇంట్లో ఆమెకు పడుకునే చోటు లేదు. మా కాగితంలో "పింఛను ఉందా" అన్న గడిలో "ఉంది" అని రాసి ముందుకు కదిలి ఉంటే ఆమె అవసరం తీరిపోయినట్లే లెక్క తేలేది. అప్పటినుంచి మేము చివరి గడిలో వారి మాటనే, వారు చెప్పినట్లే, ఒక వాక్యంగా రాస్తున్నాం.

ఏ హక్కును పట్టుకొని అడగాలి

దయ చూపమని అడిగితే దయగల అధికారి బదిలీ కాగానే పని ఆగిపోతుంది. అందువల్ల నియమాన్ని పట్టుకొని అడగాలి. నివాసం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1996లో చమేలీ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆహార హక్కుపై పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ 2001లో వేసిన కేసులో భాగంగా, పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక వసతి గృహం చొప్పున, ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండేలా ఏర్పాటు చేయాలని 2010లో ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు దీన్ని మరింత వివరించాయి. లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే శాశ్వత వసతి గృహం ఉండాలి, ఒక్కొక్కరికి సుమారు 50 చదరపు అడుగుల చోటు ఉండాలి, అది రైల్వే స్టేషన్, బస్సు స్టాండు, మార్కెట్ వంటి చోట్లకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

ఈ నియమాన్ని మన పట్టణాలకు అన్వయించి చూడండి. 2011 జనగణన ప్రకారం విజయనగరం పట్టణ జనాభా 2 లక్షల 28 వేలు. అంటే పదిహేనేళ్ల కిందటి జనాభాకే కనీసం రెండు వసతి గృహాలు, 200 పడకలు ఉండాలి. శ్రీకాకుళం కూడా అప్పటికే లక్ష దాటింది. అర్జీలో ఈ లెక్క రెండు వాక్యాల్లో ఉంటే చాలు.

ఇక ప్రస్తుతం ఏమున్నదో సమాచార హక్కు చట్టం ద్వారా తెలుసుకోవాలి. నగరపాలక సంస్థకు పెట్టే దరఖాస్తుకు 10 రూపాయల రుసుము చెల్లించాలి, మండల స్థాయి కార్యాలయానికైతే 5 రూపాయలు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా లేదు. జవాబుకు 30 రోజుల గడువు. "నిరాశ్రయులకు ఏం చేస్తున్నారు" అని అడిగితే పథకాల పేర్ల పట్టీ వస్తుంది. దానికి బదులు, వసతి గృహం చిరునామా ఏమిటి, ఎన్ని పడకలున్నాయి, గడచిన మూడు నెలల హాజరు పుస్తకం నకలు ఇవ్వండి, నిర్వహణకు విడుదలైన సొమ్మెంత, ఖర్చయినదెంత అని విడివిడిగా అడగాలి. హాజరు పుస్తకానికీ మీ రాత్రి లెక్కకూ మధ్య తేడా ఉంటే, మీ అర్జీకి అంతకన్నా బలమైన ఆధారం మరొకటి ఉండదు.

ఎవరి పని ఎవరిని అడగాలి

నిరాశ్రయులు అని ఒకే మాటతో పిలుస్తున్నా, ఒక్కొక్కరికి తట్టవలసిన తలుపు వేరు. వసతి గృహానికి నగరపాలక కమిషనరునూ, పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా ప్రాజెక్టు డైరెక్టరునూ అడగాలి. పిల్లలు కనిపిస్తే ఏ కాగితం కోసమూ ఆగకుండా బాలల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి.

పిల్లలు వదిలేసిన వృద్ధుల విషయంలో 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. దీని కింద ఏర్పడిన ట్రిబ్యునల్‌కు ఆర్డీవో అధ్యక్షత వహిస్తారు. వృద్ధులు స్వయంగా వెళ్లలేకపోతే వారు అనుమతించిన మరొక వ్యక్తి గాని, సంస్థ గాని వారి తరఫున దరఖాస్తు చేయవచ్చు. ముందు వారి మనసు తెలుసుకోవాలి. కన్నకొడుకు మీద కేసు పెట్టడానికి చాలామంది ఒప్పుకోరు, ఒప్పించడం మన పని కాదు. కాంప్లెక్సు ముసలమ్మ కూడా ఒప్పుకోలేదు, ఆమె కోరింది రాత్రి తలుపు వేసుకొని పడుకునే ఒక గది. ఇలాంటివారికి వృద్ధుల సహాయవాణి 14567 ద్వారా ఆశ్రమాల వివరాలు తెలుస్తాయి.

మానసిక అనారోగ్యంతో వీధుల్లో తిరిగేవారి బాధ్యత 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షను ప్రకారం పోలీసులది. తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకొని, 24 గంటలలోపు దగ్గరలోని ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి, ఇల్లూ వాకిలీ తెలియనివారైతే తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. మన ప్రాంతానికి విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. స్టేషనుకు వెళ్లేటప్పుడు ఆ సెక్షను అచ్చు ప్రతిని వెంట తీసుకువెళ్లండి. వాదన పెట్టుకోవద్దు, కాగితాన్ని మర్యాదగా బల్ల మీద పెట్టండి. పని జరగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది, ఫోన్ నంబరు 15100.

పని చేసుకుంటూ కూడా అద్దె కట్టలేక బయట పడుకునే కుటుంబాలకు ఇంటి స్థలం, ఇల్లు కావాలి. ప్రస్తుత రాష్ట్ర విధానం గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామంటోంది. గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతంలో 1 లక్షా 20 వేలు, కొండ ప్రాంతంలో 1 లక్షా 30 వేల రూపాయల కేంద్ర, రాష్ట్రాల సాయం ఉంది. దరఖాస్తు సచివాలయంలో ఇవ్వాలి. అర్హుల జాబితాను గ్రామసభ ఆమోదించాలి కాబట్టి, ఆ సభ జరిగే రోజున కూలి పోయినా సరే ఊళ్లో ఉండాలని వారికి ముందుగా చెప్పాలి. స్థలం రావడంతోనే పని పూర్తయిందని అనుకోరాదు. విజయనగరం దగ్గర గుంకలాంలో 2020 డిసెంబరులో 12 వేలకు పైగా ప్లాట్లతో లేఅవుట్ వేశారు. ఉదయం ఆరింటికల్లా పట్టణంలో అడ్డాకు చేరవలసిన కూలీకి అంత దూరంలో ఇల్లు ఉండి బస్సు లేకపోతే, ఆ ఇల్లు తాళం వేసి ఉంటుంది, మనిషి మళ్లీ అరుగు మీదే పడుకుంటాడు. అందుకని తాగునీరు, వీధి దీపాలు, తెల్లవారుజామున బయలుదేరే బస్సు కూడా ఇంటి కోరికలో భాగంగానే అడగాలి.

వీటన్నిటికీ ముందు కార్డులు ఉండాలి. ఇల్లు లేనివారు ఓటు నమోదుకు ఫారం 6 ఇస్తే, చిరునామా రుజువు లేకపోయినా, బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వెళ్లి వారు చెప్పిన చోటే పడుకుంటున్నారో లేదో చూసి నమోదు చేయవచ్చునని ఎన్నికల సంఘం నియమం ఉంది. ఓటరు జాబితాలో పేరున్న అరుగుకు కౌన్సిలర్లు, కార్పొరేటర్లు రావడం మొదలవుతుంది. 2027 మార్చి 1 సూచిక తేదీగా జనగణన ప్రకటించారు. 2011లో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు, దేశమంతటా 17 లక్షల 73 వేలమంది తేలారు. మన లెక్కలోని స్థలాల పట్టీని ముందుగానే కమిషనరుకు ఇస్తే, లెక్కించేవారు ఏ మూలనూ వదిలిపెట్టకుండా ఉంటారు.

జిల్లా గీత దాటి అడగడం

సీతంపేట కొండల నుంచి కూలికి వచ్చినవాడు విజయనగరంలో పడుకుంటాడు, ఆమదాలవలస దగ్గరి ఊరివాడు విశాఖలో పడుకుంటాడు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక పాలకొండ, సీతంపేట వారి పాత కార్డుల్లో శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. ఏ జిల్లావారు చూడాలన్న ప్రశ్న దగ్గరే కాగితం ఆగిపోతూ ఉంటుంది. అందుకే శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మిత్రులు ఒకే తేదీన, ఒకే నమూనాలో లెక్క తీసి, ఒకే కోరికతో అడగడం అవసరం. కేంద్ర పథకాల అమలును సమీక్షించడానికి ఎంపీ అధ్యక్షతన జరిగే దిశ కమిటీ సమావేశం ఇందుకు మంచి వేదిక. గృహనిర్మాణం, పట్టణ జీవనోపాధులు రెండూ దాని పరిశీలనలోకి వస్తాయి. పైగా విజయనగరం లోక్‌సభ స్థానంలో శ్రీకాకుళం జిల్లాలోని ఎచ్చెర్ల కూడా ఉంది, పాలకొండ అరకు స్థానంలో ఉంది. జిల్లా గీతలు మనకు అడ్డం వచ్చిన చోట ఈ లోక్‌సభ స్థానాల గీతలు కలిసివస్తాయి.

కాలం కూడా చూసుకోవాలి. మునిసిపల్ బడ్జెట్ మార్చి లోపు ఖరారవుతుంది కాబట్టి డబ్బు అవసరమయ్యే కోరిక డిసెంబరు నాటికే చేరాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. తుపాను హెచ్చరిక ఇళ్లున్నవారికి చేరినంత త్వరగా అరుగుల మీదివారికి చేరదు. వారిని ఏ పాఠశాలకు, ఏ వాహనంలో తరలిస్తారో పట్టణ ప్రణాళికలో రాయమని ఆగస్టులోనే అడగండి.

అర్జీ ఒక పేజీ దాటకూడదు, అందులో ఒక్క కోరికే ఉండాలి. మేము ఇప్పుడు వాడుతున్న నమూనా ఇది: "ఫలానా మూడు తేదీల్లో రాత్రి పదకొండు, ఒంటిగంట మధ్య రైల్వే స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్సు పరిసరాల్లో వరుసగా ఇంతమంది ఆరుబయట నిద్రిస్తుండగా చూశాము. వీరిలో స్త్రీలు ఇంతమంది. నగర జనాభాను బట్టి ఉండవలసిన పడకలు 200, సమాచార హక్కు కింద మీరు తెలిపిన ప్రకారం ఉన్నవి ఇన్ని. స్టేషనుకు నడిచి చేరగల దూరంలో స్త్రీలకు ప్రత్యేక గదితో మరొక వసతి గృహం తెరవవలసిందిగా కోరుతున్నాము." రసీదు సంఖ్యను భద్రపరచండి. పని కాకుండానే పరిష్కారమైనట్లు సమాచారం వస్తే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేసి అర్జీని తిరిగి తెరవమని అడగండి, మరుసటి సోమవారం మళ్లీ వెళ్లండి.

వసతి గృహం తెరిచిన తర్వాత కూడా నెలకొకసారి రాత్రి పదకొండింటికి అక్కడికి వెళ్లాలి. గేటు తీసి ఉందా, స్త్రీల గదికి లోపలి గడియ ఉందా, ఆధార్ లేదని ఎవరినైనా వెనక్కి పంపారా అని అడిగి రాసుకోవాలి. ఆ తర్వాత స్టేషను అరుగుల వైపు నడిచి, పాత పట్టీలోని ఎవరు ఇంకా అక్కడే పడుకుంటున్నారో, ఎందుకు రాలేదో, తెల్లవారాక టీ కొట్టు దగ్గర వారినే అడగాలి.