చార్మినార్ నుంచి మొజంజాహీ మార్కెట్ వరకు: కట్టడాలను నడుస్తూ చదవడం ఎలా

హైదరాబాద్ నడిబొడ్డులోని కట్టడాలను చూడాలంటే దుకాణాలు తెరవకముందే, ఏటవాలు ఎండ గోడల మీద పడే ఉదయం వేళ, చార్మినార్ దగ్గర నడక మొదలుపెట్టాలి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడాన్ని ముందు దూరం నుంచి చూసి, తరువాత ఒక మినారు పాదం దగ్గరకు వెళ్లి, అక్కడ విచ్చుకున్న ఆకుల ఆకారాన్ని పరిశీలించండి; అది రాతిలో చెక్కినది కాదు, సున్నపు గచ్చుతో తీర్చినది. ఈ గచ్చుపని తెలిస్తేనే కుతుబ్ షాహీల శిల్పం కంటికి ఆనుతుందని నా గట్టి నమ్మకం.

పత్తర్‌గట్టీ రాతి కమానుల వెంట సాగి నయాపూల్ వంతెన మీద ఆగండి. 1908 వరద తరువాత రూపుదిద్దుకున్న మూసీ తీరం ఇక్కడ కనిపిస్తుంది: ఒక ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. గుమ్మటాలు, కమానులు పాతవాటినే తలపిస్తాయి గాని, వాటి వెనుకనున్న అవసరాలు ఇరవయ్యో శతాబ్దానివి.

1935 నాటి మొజంజాహీ మార్కెట్ వద్ద గ్రానైట్ రాళ్ల అతుకులను చేత్తో తాకి చూడండి. ఓపిక ఉంటే హుస్సేన్‌సాగర్ దాకా వెళ్లి, 2023లో ప్రారంభమైన సచివాలయం గుమ్మటాలను పొద్దున చూసినవాటితో పోల్చండి. ఆకారం ఒకటే అనిపించినా, అక్కడ బరువు మోసేది సున్నం కాదు, కాంక్రీటు.