అనన్య అని పెట్టాలనుకుంటున్నారా? పేరు ఖాయం చేసేముందు ఇవి చూసుకోండి

అనన్య అంటే సాటిలేనిదని పేర్ల జాబితాలన్నీ రాస్తాయి. తప్పు కాదు గానీ అది సగం అర్థమే. మాటను విడదీస్తే అన్ + అన్య: వేరొకటి లేనిది. భగవద్గీత 9వ అధ్యాయం 22వ శ్లోకంలో ‘అనన్యాశ్చింతయంతో మాం’ అన్నచోట వేరే తలపు లేకుండా, నిష్ఠగా అని భావం. ‘అనన్యసామాన్యం’ అన్న మాట మనకు అలవాటు కాబట్టి సాటిలేనిదన్న అర్థమే ముందు తడుతుంది. పిల్లకు రెండూ చెప్పండి, రెండూ చక్కనివే.

ఏ సంస్కృత నామానికైనా ఇదే పద్ధతి. ముందు పదం విడదీయండి, తర్వాత ఆంధ్రభారతి వెబ్‌సైట్ నిఘంటు శోధనలో వెతకండి. ‘లక్ష్మీదేవి పేరు’ అని ఎవరైనా అంటే అష్టోత్తరంలో ఏ నామమో అడగండి. చివర ‘ఇక’, ‘న్వి’ తగిలించి అమ్మానాన్నల పేర్లు కలిపి అల్లినవి కొన్నిటికి నిఘంటువులో అర్థం దొరకదు. ముచ్చటపడి పెట్టుకోవచ్చు, కానీ లేని అర్థాన్ని బారసాల పిలుపులో అచ్చేయించకండి. మరో సంగతి: సంస్కృతంలో స్త్రీలింగం ‘అనన్యా’, తెలుగులో సీతా సీత అయినట్టే అనన్య అవుతుంది. తెలుగులో దీర్ఘం రాయనక్కర్లేదు.

నామనక్షత్రం చూసేవాళ్ళకు ‘అ’ కృత్తిక 1వ పాదం అక్షరం.

హైదరాబాద్‌లో ఇది బాగా వినిపించే పేరు. తెలుగు, హిందీ, మరాఠీ ఇళ్ళన్నిటా నోరు తిరుగుతుంది. ‘ప్రజ్ఞ’ అలా కాదు, హిందీవాళ్ళు ‘ప్రగ్యా’ అంటారు, ఇంగ్లిష్‌లో జి రాయాలో జె రాయాలో తేలదు. ప్రభుత్వం ఏటా పేర్ల లెక్క ప్రకటించదు కాబట్టి మీ కాలనీ ప్లేస్కూల్ టీచర్‌నే అడగండి, తరగతిలో ఎంతమంది అనన్యలున్నారో. ఇద్దరుంటే మీ పిల్ల ‘కె. అనన్య’గా మిగులుతుంది. అది నచ్చకపోతే రెండో పేరు కలపండి.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ దగ్గరే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. నిత్య, కవిత లాంటి పేర్లలో ‘త’కు మనం టీహెచ్ రాస్తాం, ఉత్తరాదివాళ్ళు ఒట్టి టీ రాస్తారు. అనన్యకు ఆ బాధ లేదు, కానీ సంఖ్యాశాస్త్రం కోసం చివర రెండో ‘ఎ’ చేరిస్తే అన్ని కాగితాల్లోనూ అదే ఉండాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా వదలకండి, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలను పూర్తి పేరుగా విప్పి రాయాల్సిందే.

ఇక నమోదు. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదవ్వాలి. ఆసుపత్రిలో పుడితే వివరాలు వాళ్ళే పంపుతారు. బారసాల 21వ రోజున పెట్టుకున్నా కంగారు లేదు: పేరు లేకుండానే నమోదు చేస్తారు. నమోదైన నాటినుంచి 12 నెలల్లోగా ఆలస్య రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు, ఆ తర్వాత రుసుముతో 15 ఏళ్ళ వరకు. మీరెక్కడ ఉంటున్నా, పిల్ల పుట్టిన చోటి రిజిస్ట్రార్ దగ్గరే రికార్డు ఉంటుంది. మీసేవలో దరఖాస్తు ఇచ్చేటప్పుడు స్క్రీన్ మీద టైపు చేసిన పేరును అక్షరం అక్షరం చదివాకే సరేననండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టినతేదీ రుజువు ఈ జనన ధ్రువపత్రమే. ఒకసారి ఎక్కిన పేరులో అక్షరదోషం దిద్దించడానికే ఆధారాలు చూపాలి, పేరునే మార్చడం ఇంకా కష్టం.