గేదె సైజు కాదు, గడ్డివామి సైజు చూసి చూడి సూది వేయించండి

సంతలో గేదెని కొనేటప్పుడు మనవాళ్లు ముందు చూసేది ఎత్తు, పుష్టి. ఎంత భారీగా ఉంటే అన్ని పాలిస్తుందని నమ్మకం. కానీ ఒళ్లు పెద్దదైతే ఖాయంగా పెరిగేది మేత ఒక్కటే, పాలు పెరగడమనేది తల్లి పాడి, జాతి, మేపు మీద ఉంటుంది. పైగా వట్టిపోయిన నెలల్లో కూడా ఆ ఒంటిని మేపుతూనే ఉండాలి.

లెక్క చూడండి. వంద కిలోల బరువుకి రోజుకి సుమారు రెండున్నర కిలోల మేత కావాలి, అదీ తడి తీసేసిన లెక్కలో. 400 కిలోల గేదెకి 10 కిలోలు, 550 కిలోల దానికి 13 కిలోల 750 గ్రాములు. ఏడాది తిరిగేసరికి తేడా 1,370 కిలోలు, అంటే దాదాపు టన్నున్నర ఎండుగడ్డి. రెండూ ఒకేలా పాలిస్తుంటే చిన్నదే లాభం. పెద్దది ఆ తేడాకి సరిపడా పాలిస్తోందంటే సరే, దాన్నే ఉంచుకోండి, కానీ కేన్‌లో కొలిచి నోట్‌బుక్‌లో రాసి చూశాకే ఆ మాట అనండి.

గోదావరి డెల్టాలో మేత ఎక్కడుందో మనకి తెలుసు. భీమవరం వైపు మేసే చేలు చేపల చెరువులైపోయాయి, మిషన్ కోతలొచ్చాక గడ్డి నలిగి సగం చేలోనే పోతోంది, కాలవలు కట్టేసిన వేసవిలో పచ్చగడ్డి కనబడదు. వరిగడ్డి కడుపు నింపుతుందే గానీ అందులో మాంసకృత్తులు బాగా తక్కువ. లంకల్లో మేపుకునేవాళ్లకి, దాళవా (రెండో పంట వరి) వెయ్యని చేలో పిల్లిపెసర అనే పచ్చమేత చల్లుకునేవాళ్లకి కొంచెం వెసులుబాటు ఉంటుంది. వామి, పచ్చమేత ఎంతమందికి సరిపోతాయో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే ఏ సైజు పశువు, ఎన్ని అన్నది ఆలోచించండి.

బరువు తెలుసుకోడానికి కాటా అక్కర్లేదు, టైలర్ టేపు చాలు. పశువుని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, ముందుకాళ్ల వెనకనుంచి ఛాతీ చుట్టూ అంగుళాల్లో కొలవండి. భుజం మొన నుంచి పిరుదు ఎముక చివరిదాకా పొడవు కొలవండి. చుట్టుకొలతని దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. ఒక పడ్డకి (ఇంకా ఈనని గేదెకి) చుట్టుకొలత 62, పొడవు 52 అనుకోండి, సుమారు 303 కిలోలు. ఉజ్జాయింపే అయినా మన కంటి అంచనా కంటే నయం.

ఈ కొలత అసలు పనికొచ్చేది తొలి సూది దగ్గర, అంటే చూడి కట్టడానికి మొదటిసారి వీర్యం వేయించేటప్పుడు. పెద్దయ్యాక ఉండాల్సిన బరువులో 60 నుంచి 65 శాతం వచ్చాకే పడ్డకైనా పెయ్యకైనా (ఇంకా ఈనని ఆవుకైనా) సూది వేయించాలి. పడ్డ కూడా తల్లంత అవుతుందనుకుంటే, తల్లి 480 కిలోలున్నప్పుడు ఆ 303 కిలోల పడ్డ సిద్ధమైనట్టే. ఎదకొచ్చింది కదా అని 240 కిలోలప్పుడే వేయిస్తే ఈనేటప్పుడు దూడ ఇరుక్కునే ప్రమాదం ఉంది, పడ్డ సరిగా ఎదగదు, రెండో చూడి ఆలస్యమవుతుంది. వయసు చూసి తొందరపడకండి.

ఇక ఏ జాతి సెమెన్ (సూదిలో వేసే వీర్యం) అన్నది. మన గోదావరి గేదె స్థానిక గేదెకి ముర్రా అనే ఉత్తరాది పాడి గేదె జాతి కలిసి వచ్చిందే, దానికి ముర్రా సరిపోతుంది. ఆవుల్లోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. చిన్న నాటు ఆవుకి హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే భారీ విదేశీ పాడి జాతి) వేయించొద్దు, దూడ పెద్దదై ఈత కష్టమవుతుంది, పైగా మన ఉక్కపోతకి హెచ్ఎఫ్ రక్తం ఎక్కువైన పశువు రొప్పుతూ మేత మానేస్తుంది. జెర్సీ ఒళ్లు చిన్నది, వెన్న శాతం ఎక్కువ, మనకి పాల రేటు కట్టేటప్పుడు వెన్న శాతం చూస్తారు కదా. మేలైన ఒంగోలు ఆవుంటే దయచేసి ఒంగోలుతోనే కట్టించండి, ఆ జాతిని పాడుచేసుకోవద్దు. మన ఒంగోలు రక్తమే బ్రెజిల్లో నెలోర్ పేరుతో మాంసం మందలుగా పెరిగింది. మాంసం కోసం పెంచే ఆ దేశాల పెద్ద పశువుల ఫారాల్లో కూడా ఆవు తన బరువులో ఎంత శాతం బరువున్న దూడని పాలు మాన్పించే నాటికి ఇచ్చిందని లెక్క కడతారు, ఆవు ఎంత పెద్దదని మాత్రమే చూడరు.

తొలిచూలు పడ్డకి ఆడదూడల సెమెన్ దొరికితే మంచిదే. నూటికి తొంభై దాకా ఆడదూడే పడుతుంది, ఆడదూడ సాధారణంగా తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఈతా సులువు.

గేదెల్లో మూగ ఎద (అరుపులాంటి గుర్తులు పైకి కనబడని ఎద) ఎక్కువ, వేసవిలో మరీను. అందుకే తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు ఓసారి పశువు వెనక్కి వెళ్లి తీగలు (జిగురు తీగలు) వేస్తోందా, మాటిమాటికీ మూత్రం పోస్తోందా చూడండి. ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం సూది. వేయించాక 21 రోజులకి మళ్లీ ఎద వచ్చిందేమో గమనించి, మూడు నెలలకి డాక్టరు చేత చూడి పరీక్ష చేయించండి.

సూది వేసే అతన్ని స్ట్రా (సెమెన్ ఉండే సన్నటి గొట్టం) మీదున్న ఎద్దు లేదా దున్న నంబరు అడిగి, తారీఖుతో సహా రాసుకోండి. రేపు ఆ దూడ ఎదకొచ్చినప్పుడు దాని తండ్రి నంబరే మళ్లీ దానికి వేయించకుండా ఉండాలంటే ఆ కాగితమే ఆధారం. ఊళ్లో తిరిగే దున్నపోతుతోనే కట్టించేవాళ్లైతే మూడేళ్లకోసారి దాన్ని మార్చేలా పదిమందీ కలిసి మాట్లాడుకోండి.