కెర్నెల్ మార్చాక డిస్కు కనబడలేదా? ముందు చేతులు కట్టుకుని కూర్చోండి

మొన్నీమధ్య ఒక హోల్‌సేల్ మందుల వ్యాపారి దగ్గర సెంట్‌ఓఎస్ 7 సర్వర్‌ను ఆల్మాలినక్స్ 8కి మార్చారు, రెండూ లినక్స్ రకాలే. పాత సర్వరే కానీ నిక్షేపంలా నడుస్తోంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఎస్ఎస్‌డీ నేరుగా మదర్‌బోర్డుకే ఉంది, బిల్లింగ్ డేటా మాత్రం పాత రెయిడ్ కార్డు (డిస్కులను కలిపి ఒకటిగా చూపే కార్డు) కింద నాలుగు డిస్కుల్లో ఉంది. ఇన్‌స్టాలేషన్ ఒక్క ఎర్రర్ లేకుండా ముగిసింది. రీబూట్ చేసి చూస్తే డేటా డిస్కు లేదు. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొడితే ఎస్ఎస్‌డీ ఒక్కటే వచ్చింది. పని చేస్తున్న కుర్రాడికి టెన్షన్ పట్టుకుంది. రెయిడ్ పోయిందనుకున్నాడు. కార్డు బయోస్‌లోకి వెళ్లి, ఉన్న వాల్యూమ్ తీసేసి, మళ్లీ కట్టి, ఇనిషియలైజ్ కొట్టాడు.

నిజానికి అప్పటిదాకా డిస్కులకు ఏమీ కాలేదు. కార్డుకూ ఏమీ కాలేదు. ఆ కార్డు డ్రైవర్, అంటే కార్డుతో మాట్లాడే కోడ్, రెడ్‌హ్యాట్ లినక్స్ 8లో లేదు, దాని బాటలో నడిచే ఆల్మాలోనూ లేదు, అంతే. సెంట్‌ఓఎస్ 7 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఉంటే మొత్తం డేటా ఎక్కడిది అక్కడే కనబడేది.

బ్యాకప్ తీసుకోండి, కరెంటు చూసుకోండి, యూపీఎస్ పెట్టండి లాంటివి నేను చెప్పను, అవి మీకు తెలుసు. మనుషులను ముంచేస్తున్న తప్పు ఒక్కటే: డ్రైవర్ లేక కనబడని డిస్కును, చెడిపోయిన డిస్కు అనుకోవడం. బీరువా తాళంచెవి దొరకలేదని బీరువాలో నగలు పోయాయని తేల్చేయడం లాంటిది ఇది. తేల్చేసి ఊరుకుంటే పర్వాలేదు, ఆ పైన ఫార్మాట్ కొడుతున్నారు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది 6.12 కెర్నెల్ (లినక్స్ గుండెకాయ, డ్రైవర్లుండేది అందులోనే) నుంచి 6.18కి వెళ్తున్నారు. రెండూ దీర్ఘకాలం నడిచే వెర్షన్లే కాబట్టి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతారు, మధ్యలో ఏం జరిగిందో చూడరు. ఆ మధ్యలో 6.13తో రైజర్‌ఎఫ్ఎస్ పోయింది, 6.16తో డీసీసీపీ పోయింది, 6.18తో బీక్యాష్‌ఎఫ్ఎస్ పోయింది. డీసీసీపీ ఒక నెట్‌వర్క్ ప్రోటోకాల్, అది పోయినందుకు ఏడ్చేవాళ్లు పెద్దగా ఉండరు. మిగతా రెండూ ఫైల్‌సిస్టమ్‌లు, డిస్కు మీద ఫైళ్లను సర్దే పద్ధతులు, అంటే వాటి మీద ఎవరిదో డేటా ఉంటుంది.

పాత సరుకు తీసేయడం లినక్స్‌కు కొత్త కాదు. 2013లో వచ్చిన 3.8తో 386 ప్రాసెసర్‌కు సెలవిచ్చారు. లినస్ టోర్వాల్డ్స్ తన మొదటి కెర్నెల్ రాసిందే ఆ చిప్ మీద. 2018లో 4.17తో ఒకేసారి 8 ఆర్కిటెక్చర్లు ఎత్తేశారు. 2021లో 5.14తో పాత ఐడీఈ డ్రైవర్లు వెళ్లిపోయాయి. హెచ్8/300 అనే చిప్ సంగతి మరీ తమాషా: ఒకసారి తీసేశారు, 2015లో 4.2తో తిరిగి తెచ్చారు, 2022లో 5.19తో మళ్లీ తీసేశారు.

పాతదే పోతుంది, కొత్తదానికి ఢోకా లేదు అనుకోకండి. ఇంటెల్ వారి ఇటానియం ప్రాసెసర్ పోయిన 6.7 కెర్నెల్‌లోనే బీక్యాష్‌ఎఫ్ఎస్ కొత్తగా వచ్చింది, అంటే 2024 జనవరిలో. నిండా రెండేళ్లు గడవకుండానే 6.18లో అది లేదు. వయసు మీరి కాదు, దాన్ని రాసినాయనకూ మిగతావాళ్లకూ పని పద్ధతి మీద కుదరక. ఇప్పుడది బయటి మాడ్యూల్‌గా దొరుకుతుంది, విడిగా ఎక్కించుకోవాలి. అసలు ఎందుకు తీసేస్తారంటే, కెర్నెల్ లోపల ఒక ఫంక్షన్ మారినప్పుడల్లా ప్రతి డ్రైవర్‌నూ ముట్టుకోవాలి, ముట్టుకున్నాక పరీక్షించడానికి ఆ హార్డ్‌వేర్ ఎవరి దగ్గరో ఉండాలి. ఆ ఎవరో లేనిచోట కోడ్ నిలవదు. నాకైతే తీసేయడమే సబబనిపిస్తుంది. ఎవరూ చూడని కోడ్‌లో ఉన్న కన్నం అందరి సర్వర్లలోనూ ఉన్నట్టే.

హెచ్చరించకుండా తీసేస్తారా అంటే, హెచ్చరిస్తారు. రైజర్‌ఎఫ్ఎస్ విషయం 2022లోనే 5.18లో చెప్పేశారు. ఆ డిస్కును మౌంట్ చేసిన (వాడుకకు తెరిచిన) ప్రతిసారీ, ఇది 2025లో పోతుందని కెర్నెల్ లాగ్‌లో ఒక లైను పడేది. దాదాపు మూడేళ్లు పడింది. చదివిందెవరు? అంతకుముందు రోజుల్లో ఏది ఎప్పుడు పోతుందో రాసిపెట్టిన ఫైల్ ఒకటి కెర్నెల్‌తో పాటే వచ్చేది. 2012లో దాన్నీ తీసేశారు. కాబట్టి అన్నీ ఒకేచోట చూసుకునే పట్టిక లేదు, మీ మిషన్ లాగ్ మీరే చదువుకోవాలి.

ఇంకో చిక్కు. అసలు కెర్నెల్‌లో ఉన్నంత మాత్రాన మీ డిస్ట్రోలో, అంటే మీరు వాడే లినక్స్ రకంలో, ఉంటుందని లేదు. బీటీఆర్‌ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అసలు కెర్నెల్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది, రెడ్‌హ్యాట్ 8లో మాత్రం లేదు. పాత ఎల్ఎస్ఐ, డెల్ రెయిడ్ కార్డుల్లో కొన్నింటిదీ అదే కథ. వాటికి ఈఎల్‌రెపో వాళ్లు విడిగా డ్రైవర్లు ఇస్తున్నారు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పెట్టుకునే డ్రైవర్ డిస్కులు కూడా ఉన్నాయి. వెర్షన్ నంబరు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, మీ డిస్ట్రో రిలీజ్ నోట్స్‌లో తీసేసినవాటి భాగం చదవండి.

ఇక కనబడకపోవడం అన్నది ఎన్ని రకాలుగా కనబడుతుందో చూడండి.

డిస్కు పేరే రాకపోతే, కంట్రోలర్ డ్రైవర్ లేదేమోనని అనుమానించండి. కార్డుల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐకి మైనస్ ఎన్ఎన్‌కే తగిలించి కొట్టండి. కార్డు పేరు కింద వాడుతున్న డ్రైవర్ ఏదో చెప్పే లైను ఉండాలి. కార్డు పేరుండి ఆ లైను లేకపోతే, కార్డు బతికే ఉంది, మాట్లాడేవాడే లేడు.

డిస్కు వచ్చింది, పార్టిషన్ వచ్చింది, మౌంట్ మాత్రం తెలియని ఫైల్‌సిస్టమ్ అంటోంది. అప్పుడు బీఎల్‌కేఐడీ కొట్టండి. అది కెర్నెల్‌ను అడగదు, డిస్కు మీది గుర్తును తనే చదువుతుంది. అందులో టైప్ దగ్గర రైజర్‌ఎఫ్ఎస్ అని వచ్చిందంటే డిస్కు మీది గుర్తు చెక్కు చెదరలేదు. తర్వాత మాడ్యూళ్లను ఎక్కించే మోడ్‌ప్రోబ్‌తో ఆ పేరు పిలిచి చూడండి. మాడ్యూల్ దొరకలేదంటే దోషం డిస్కుది కాదు, కెర్నెల్‌ది.

మిషన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయి రూట్ పాస్‌వర్డ్ అడుగుతోందా? ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఇంకా హెచ్‌డీఏ1 అని రాసి ఉందేమో చూడండి. పాత ఐడీఈ డ్రైవర్లతో పాటే ఆ పేర్లూ పోయాయి, ఇప్పుడది ఎస్‌డీఏ1. పేర్లు మానేసి యూయూఐడీ (మారని గుర్తింపు నంబరు) రాసుకోండి.

పాత నాస్ బాక్సు (నెట్‌వర్క్ స్టోరేజీ), విండోస్ ఎక్స్‌పీ మిషన్ షేర్లు మౌంట్ కావడం లేదా? ఎర్రర్ 112, హోస్ట్ డౌన్ అని వస్తుంది. హోస్ట్ డౌన్ కాలేదు, పింగ్ చేసి చూడండి. 2017లో వచ్చిన 4.13 నుంచి ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతి మొదటి వెర్షన్‌ను కెర్నెల్ తనంతట తాను వాడదు. మీరే వెర్షన్ 1.0 అని రాస్తే వాడుతుంది, కానీ అది భద్రత లేని పద్ధతి. డేటా తీసుకునేంతవరకే.

ఈ నాలుగింటిలో ఒక్కదానిలోనూ డేటా పోలేదు. నాలుగింటిలోనూ ఫార్మాట్ కొట్టిన మనుషులున్నారు.

అప్‌గ్రేడ్‌కు ముందు చేయాల్సిన అసలు పరీక్ష చాలా చిన్నది. కొత్త వెర్షన్ లైవ్ పెన్‌డ్రైవ్ చేసుకుని, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, అదే మిషన్‌ను దానితో బూట్ చేయండి. ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టండి. అన్ని డిస్కులూ వచ్చాయా? డేటా పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. ఫోల్డర్లు కనబడ్డాయా? నెట్‌వర్క్ లేచిందా? అప్పుడే ముందుకు వెళ్లండి. కాఫీ తాగేలోపు అయిపోయే పని ఇది, అయినా చేసేవాళ్లు తక్కువ.

సెంట్‌ఓఎస్ 7 నుంచి ఎలివేట్ అనే అప్‌గ్రేడ్ సాధనంతో ఉన్నచోటే మార్చుకునేవాళ్లకు ఒక మాట. అందులోని లీప్ టూల్ ముందే రిపోర్టు ఇస్తుంది, కొత్తదాంట్లో లేని డ్రైవర్లు మీ దగ్గర వాడుకలో ఉంటే ఆపేస్తుంది. వర్చువల్ మిషన్లలో పాటా ఏసీపీఐ, ఫ్లాపీ లాంటి మాడ్యూళ్ల మీద ఆగినప్పుడు ఆర్ఎంమోడ్ కొట్టి ఆ మాడ్యూల్‌ను దించేసి ముందుకు పోవడం అందరికీ అలవాటైంది. అక్కడ ఫర్వాలేదు. అదే అలవాటుతో, రెయిడ్ కార్డు పేరున్న రిపోర్టును కూడా ఎలాగోలా దాటేస్తున్నారు. టూల్ ఆపిందంటే మీ మంచికే ఆపింది.

ఇక వరసగా చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

కొత్త కెర్నెల్ లేచి, అన్ని డిస్కులూ కళ్లతో చూసేదాకా పాత కెర్నెల్ తీసేయొద్దు. బూట్ పార్టిషన్ నిండిందని ఆటోరిమూవ్ (అక్కర్లేదనుకున్న ప్యాకేజీలను తీసేసే కమాండ్) కొట్టేవాళ్లు ఎక్కువ, ఏది పోతోందో చూసి కొట్టండి.

పాత ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌లో పెట్టి సర్వర్‌కే టేపుతో అతికించి ఉంచండి. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తోనే మద్దతు ఆగింది కానీ ఐఎస్ఓ వాల్ట్‌లో ఇంకా దొరుకుతుంది.

దూరంగా ఉన్న సర్వర్ అయితే బూట్ మెనూ అయిన గ్రబ్‌లో గ్రబ్ రీబూట్‌తో కొత్త కెర్నెల్‌ను ఒక్కసారికే ఎంచుకోండి. దానికి పానిక్ 10 అని కూడా తగిలించండి. లేవలేక పానిక్ అయితే, అంటే కెర్నెల్ చేతులెత్తేస్తే, పది సెకన్లలో తనే రీబూట్ అయి పాతదానికి వస్తుంది.

డేటా డిస్కుకు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ పెట్టినవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. డిస్కు రాకపోయినా మిషన్ లేస్తుంది. మౌంట్ కావాల్సిన చోట ఖాళీ ఫోల్డర్ ఉంటుంది. అప్లికేషన్ ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే కొత్తగా రాయడం మొదలుపెడుతుంది. సాయంత్రానికి మీకు రెండు డేటాలు ఉంటాయి, రెండూ సగం సగం. డిస్కు మౌంట్ కాని సమయంలో ఆ ఖాళీ ఫోల్డర్‌కు చాటర్ ప్లస్ ఐ కమాండ్ కొట్టి ఉంచండి, అప్పుడు అందులో ఎవరూ రాయలేరు.

అప్‌గ్రేడ్‌కు ముందు క్రాన్ (వేళకు తనే పనులు నడిపేది) ఆపండి. ముఖ్యంగా రాత్రి బ్యాకప్ తీసే ఆర్‌సింక్. దానికి డిలీట్ ఆప్షన్ ఉంటే, ఖాళీ ఫోల్డర్‌ను చూసి మూలంలో ఏమీ లేదు కాబట్టి బ్యాకప్‌లోనూ ఉండకూడదనుకుని అక్కడున్నదంతా తుడిచేస్తుంది. కనబడని డిస్కు తెల్లారేసరికి లేని బ్యాకప్ అవుతుంది. ఇక్కడ ఫార్మాట్ కొట్టడానికి మనిషి కూడా అక్కర్లేదు.

ఫైల్‌సిస్టమ్‌ను బాగుచేసే ఎఫ్ఎస్‌సీకే కొట్టొద్దు. రైజర్‌ఎఫ్ఎస్ అయితే దాన్ని మళ్లీ కట్టే రీబిల్డ్ ట్రీ అసలే వద్దు.

రెయిడ్ కార్డు ఫారిన్ కాన్ఫిగరేషన్ దొరికిందంటే దాని అర్థం పాత రెయిడ్ వివరాలు డిస్కుల మీద భద్రంగా ఉన్నాయని. ఇంపోర్ట్ నొక్కండి. క్లియర్ నొక్కొద్దు.

ఇన్‌స్టాలర్ డిస్కు ఇనిషియలైజ్ చేయమంటారా అని అడిగితే వద్దు. విండోస్‌కు తగిలించినప్పుడు ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే క్యాన్సిల్. ఎన్నిసార్లు అడిగినా క్యాన్సిల్.

రైజర్‌ఎఫ్ఎస్ డిస్కు ఉంటే ఇవాళే, పాత కెర్నెల్ ఉండగానే, వేరే డిస్కును ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ చేసి దాని మీదికి కాపీ చేయండి. అదే డిస్కును మార్చే ప్రయోగాలు వద్దు.

విండోస్ 10 ఆగిపోయిందని పాత పీసీల మీద లినక్స్ వేస్తున్నవాళ్లు: 32 బిట్ మిషన్‌కు డెబియన్ 13లో కెర్నెలే లేదు. రెడ్‌హ్యాట్ 9కి ఎక్స్86-64-వీ2 (ప్రాసెసర్ సామర్థ్యంలో ఒక మెట్టు), 10కి దానిపై మెట్టు వీ3 చేసే ప్రాసెసర్ కావాలి. ఆల్మా 10 మాత్రం వీ2కి కూడా విడిగా ఇస్తోంది.

మార్చి నెలాఖరులో ముట్టుకోవద్దు. సంక్రాంతి సెలవుల్లో ఆఫీసు ఖాళీగా ఉందని మొదలుపెట్టొద్దు, ఇరుక్కుంటే ఫోన్ ఎత్తేవాళ్లూ ఊళ్లలోనే ఉంటారు.

రాత్రి పదకొండు తర్వాత ఏ నిర్ణయమూ వద్దు. మిషన్ ఆపేసి పడుకోండి. ఆపేసిన డిస్కు మీద డేటా అలాగే ఉంటుంది.

సాయం అడిగేటప్పుడు డిస్కు పోయింది సార్ అని మొదలుపెట్టొద్దు. ఎల్ఎస్‌పీసీఐ, ఎల్ఎస్‌బీఎల్‌కే, బీఎల్‌కేఐడీ, కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్, ఈ నాలుగూ కొట్టి స్క్రీన్ ఫోటోలు పంపండి. ముందు ఏ వెర్షన్ ఉండేది, ఇప్పుడు ఏది ఉంది రాయండి. ఈలోగా ఏమైనా నొక్కి ఉంటే అదీ చెప్పండి, దాచకండి.