కువైట్‌కు పనికి వెళ్లేవారు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ పొందే విధానం

వీసా కాగితం వాట్సాప్‌లో రాగానే ప్రయాణానికి అన్నీ సిద్ధమైనట్టేనని మన దగ్గర చాలామంది భావిస్తారు. మా మండలం నుంచి ఇంటిపనికి బయల్దేరిన ఒక అక్కను విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర ఆపి వెనక్కి పంపినప్పుడు ఆమె చేతిలో వీసా, టికెట్టు రెండూ ఉన్నాయి. లేనిది ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఒక్కటే. నగలు తాకట్టు పెట్టి ఆమె ఇచ్చిన సొమ్ము తీసుకున్న మధ్యవర్తి ఆ రోజు నుంచి ఫోను ఎత్తలేదు.

మొదట పాస్‌పోర్టు తెరిచి చూసుకోవాలి. 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ముద్రించి ఉంటే అది ఈసీఆర్ పాస్‌పోర్టు. పదో తరగతి పాసైనట్టు ధ్రువపత్రం చూపలేనివారికి సాధారణంగా ఇదే వస్తుంది. ఈ పాస్‌పోర్టుతో కువైట్, సౌదీ, ఖతర్, ఒమన్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి ఉండాలి. అదే ఎమిగ్రేషన్ క్లియరెన్స్. పదో తరగతి పాసైనా ఆ ముద్ర ఉన్నవారు సర్టిఫికెట్టు జతచేసి పాస్‌పోర్టు రీఇష్యూకు దరఖాస్తు చేసుకుంటే సరిపోతుంది. దొంగ సర్టిఫికెట్టు తెచ్చిపెడతామనేవారి మాట వినవద్దు. అది బయటపడితే కేసు మీ మీదే పడుతుంది.

క్లియరెన్స్ దరఖాస్తు అంతా విదేశాంగ శాఖ వెబ్‌సైటు అయిన ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోనే జరుగుతుంది. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు ద్వారా వెళ్తే ఆయనే పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ జతచేస్తారు. ఈ బీమా ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి.

అసలు చిక్కు వీసా రకం దగ్గరే వస్తుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారు సందర్శనకు వెళ్లడానికి క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి, పనికి వెళ్లేవారిని విజిట్ వీసా మీద ఎక్కించి, అక్కడికి వెళ్లాక మార్పిస్తామని మధ్యవర్తులు నమ్మబలుకుతారు. విజిట్ వీసా మీద కువైట్‌లో పనిచేయడం చట్టవిరుద్ధం. అప్పుడు జీతం ఎగ్గొట్టినా, కొట్టినా, ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో ఒప్పందమే ఉండదు. అసలైన పని వీసాలోనూ తేడా ఉంది: ఇంటి పనికిచ్చే ఖాదిం వీసా 20వ నంబరుది, కంపెనీ పనికిచ్చే షూన్ వీసా 18వ నంబరుది. ఖాదిం వీసా మీద వెళ్లి బయట ఎక్కడైనా చేసుకోవచ్చంటూ దాన్నే 'ఆజాద్ వీసా' అని అమ్ముతారు. అలాంటి వీసా అక్కడి చట్టంలో లేదు; కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని, వదిలి బయట పనిచేస్తూ పట్టుబడినవారిని జైల్లో పెట్టి దేశం నుంచి పంపించివేస్తారు. కాబట్టి డబ్బు కట్టే ముందే వీసాలోని అరబిక్ వివరాలను, ముఖ్యంగా వృత్తి, యజమాని పేరు, వీసా రకాన్ని, ఆ భాష తెలిసినవారితో చదివించుకుని ఒప్పందంతో సరిపోల్చుకోవాలి. ఈ ఒక్క పనికి అరగంట పడుతుంది. ఆ అరగంట కేటాయించకపోవడం వల్లే ఎన్నో ఇళ్లు అప్పుల పాలయ్యాయి.

ఏజెంటు లైసెన్సు ప్రస్తుతం చెల్లుతోందో లేదో పోర్టల్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. ఆయన సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే 35,400 రూపాయలకు మించి తీసుకోకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర అడుగుతూ రసీదు మాట ఎత్తనివారి దగ్గర ఆగిపోండి.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలకు 30 ఏళ్లు నిండితేనే ఉద్యోగానికి క్లియరెన్స్ ఇస్తారు, అదీ ప్రైవేటు ఏజెంటు ద్వారా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ వంటి ప్రభుత్వ సంస్థలనే సంప్రదించాలి. వయసు ఎక్కువ వేయించి పాస్‌పోర్టు తీసుకోమని ఎవరైనా చెబితే దయచేసి ఒప్పుకోకండి.

ఇప్పటికే డబ్బు కట్టి అనుమానంలో ఉన్నవారు సిగ్గుపడి ఊరుకోవద్దు. రసీదు లేకపోయినా ఫోన్ పే చెల్లింపుల వివరాలు, వాట్సాప్ సంభాషణలు, వీసా ప్రతి దాచి పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కు ఫోన్ చేసి అడగవచ్చు. క్లియరెన్స్ వచ్చి బయల్దేరేవారు ఒప్పందం, బీమా, పాస్‌పోర్టు, వీసా నకళ్లు రెండు జతలు తీయించి, ఒకటి ఇంట్లో చదువుకున్నవారి చేతికిచ్చి వెళ్లాలి.